అరిగిన రాయి

చెంచా నేలమీద పడిన చప్పుడుకి వంటింట్లో నలుగురూ బిగుసుకుపోయారు.

పడింది అనడం మర్యాద కోసం. నిజానికి పెద్దమ్మాయి, కోడలికి మందు పట్టబోతున్న తల్లి చేతిమీద కొట్టింది. బుద్ధి తెలిశాక తల్లి మాటకి ఎదురు చెప్పిందేమో గానీ, చెయ్యి చేసుకునే మనిషి కాదు. ముదురు ఎర్రటి లేహ్యం గచ్చుమీదా, కోడలి పాదాలమీదా చిందింది.

"నిన్న అంతగా మొత్తుకున్నాను కదమ్మా! ఆ మందు ఎవరూ ముట్టుకోవద్దని."

"నువ్వు వద్దంది మిషను మందు," అంది తల్లి, మణికట్టు రుద్దుకుంటూ. "ఆ డబ్బాలన్నీ నీ తమ్ముడు గదిలో పడేసి తాళం వేశాడు. ఇది నా జాడీలోది. నా చేత్తో, నా కల్వంలో నూరింది. దీన్నెందుకు కొట్టావు?"

పెద్దమ్మాయి నోరు తెరిచింది. మాట రాలేదు.

ఆ ఇంట్లో మాటలకి ఎప్పుడూ కరువు లేదు. ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు పూర్తి చేసే కొంప. అలాంటిచోట కుళాయి చుక్క పడటం అందరికీ వినిపించింది.

తమ్ముడే ముందు తేరుకున్నాడు. "కంగారులో కొట్టిందిలే అమ్మా. నిన్నటినుంచి దానికి తిండీ లేదు, నిద్రా లేదు."

"నువ్వాగు. దాన్ని చెప్పనీ."

"కంగారులోనే," అంది పెద్దమ్మాయి, తల్లి వైపు చూడకుండా.

తల్లి నమ్మలేదని ఆవిడ ముఖమే చెప్పింది. వీధిలో అందరూ ఆవిణ్ణి మందులావిడ అంటారు. ఒంట్లో నెత్తురు తగ్గినవాళ్ళకి, బాలింతలకి, ఎదగని పిల్లలకి కొండవేరు తెచ్చి, పుల్లటి కాయల రసం పోస్తూ కల్వంలో నూరి లేహ్యం చేసి ఇస్తుంది. అత్తగారి దగ్గర నేర్చుకున్న విద్య, అత్తగారు వాడిన కల్వం. ఇప్పుడు సొంత కోడలు అయిదో నెల గర్భంతో ఆ మందే తాగి తాగి, నెత్తురు పట్టాల్సింది పోయి పాలిపోయింది. కడుపునొప్పి అని ఆసుపత్రికి తీసుకెళ్తే, నెత్తుటిలో సీసం ఉందన్నారు. పెద్దమ్మాయి తను పనిచేసే రాళ్ళ ల్యాబుకి, తమ్ముడి మిషనులో నూరిన మందు డబ్బా ఒకటి పట్టుకెళ్ళి చూసింది. సీసం ఆ డబ్బాలో ఉంది.

"పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు," అంది తల్లి మెల్లగా. "నా పెరట్లో మందు కాస్తా విషమే అయిపోయింది."

"అత్తయ్యా, అలా అనకండి," అంది కోడలు.

"ఇంకెలా అనమంటావమ్మా? నా చేత్తో నేనే పోశాను కదా నీకు. వాసన బాలేదని నువ్వంటే, ముక్కు మూసుకో తల్లీ అని పోశాను."

కోడలు వంగలేక వంగి పాదాలమీద లేహ్యం తుడుచుకోబోయింది. పెద్దమ్మాయి చటుక్కున కూర్చుని తన కొంగుతోనే తుడిచింది. మరీ గట్టిగా తుడుస్తోందని తనకి తెలియలేదు.

"వదినా, నొప్పి," అంది కోడలు.

తల్లి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ మాత్రం పెట్టలేదు. కోపమొస్తే గడియ పెట్టే మనిషి, ఈసారి పెట్టకపోవడం చూసి పిల్లలిద్దరికీ ఎక్కువ భయమేసింది.

*

పనిషెడ్డులో మిషను ఇంకా తిరుగుతోంది. దాని కింద పళ్ళెంలో ఏమీ పడటం లేదు. మూడు రాతి రోలర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఊరికే తిరుగుతున్నాయి.

"ఆపలేదేం?" అంది అక్క.

"శుభ్రం చేద్దామని వేశాను. ఆపబుద్ధి కాలేదు," అన్నాడు తమ్ముడు.

ఆ మిషను వాడికి మొదటి బిడ్డ. అలాగని వాడే అనేవాడు, పెళ్ళాం వినేలా, ఆవిడ మూతి ముడుచుకునేలా. ముగ్గురి బుర్రల్లోంచీ పుట్టిన పని అది. తల్లి కల్వంలో నూరితే ఎర్రగా ఉండే లేహ్యం, ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు మొదట చేసిన ఇనుప మిషనులో నల్లబడి చేదెక్కింది. ఎందుకని ముగ్గురూ తల బద్దలు కొట్టుకున్నారు. వేరులోని వగరుకి ఇనుము పడదని తేల్చారు. అయితే రాతితోనే మిషను చేద్దామన్నాడు కొడుకు. ఏ రాయి అని తల్లి అడిగితే, నీ కల్వం ఏ కొండదో ఆ కొండదే అంది కూతురు. ముగ్గురూ తెలివైనవాళ్ళే, చిక్కంతా అక్కడే వచ్చింది.

అక్క తన సంచీలోంచి భూతద్దం తీసింది. "ఆపు. చూడాలి."

తమ్ముడు స్విచ్చి నొక్కాడు. రోలర్లు నిలిచాయి. ఆవిడ మధ్య రోలరుని తడిగుడ్డతో తుడిచి, దానిమీదకి వంగింది. చాలాసేపు లేవలేదు.

"ఏం కనపడింది?"

"ఇలా రా. ఈ గీత చూడు."

నల్లరాతిలో బూడిదరంగు దారప్పోగులాంటి చార. దీపం కదిపితే చిన్నగా మెరిసింది. అక్క చిన్న చాకు మొనతో గీరితే, చుట్టూ ఉన్న రాయి చెక్కుచెదరలేదు గానీ, చార మాత్రం సుద్దలా రాలింది.

"సీసపు ఖనిజం," అంది. "మెత్తన. రాయిలో మెత్తగా ఉన్నదే ముందు అరుగుతుంది."

"నువ్వు చూశావుగా ఈ రాయిని! చూసే కదా, ఫరవాలేదు కోయించుకో అన్నావు?"

"బండ అంచునుంచి ఒక ముక్క తీసి చూశాను. ఒక్క ముక్క."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. మా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకి మొదటిరోజు నేనే చెప్తాను, ఒక్క ముక్క చూసి కొండ సంగతి చెప్పకూడదని. వేరెవరి రాయైనా అయితే నాలుగు వైపులా తీసి చూసేదాన్ని. ఇది అమ్మ కల్వం వచ్చిన కొండే కదా, తరాలుగా నూరుకుంటున్నదే కదా అనుకున్నాను."

తమ్ముడి ముఖం ఎర్రబడింది. "నువ్వు చూశావన్న ధైర్యంతోనే నా పెళ్ళానికి పోయించాను అక్కా. నువ్వు చూశావని."

వాడు మిషను చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తిరిగి తిరిగి, పక్కనున్న బిగింపు మర మీద చెయ్యి వేశాడు. అలవాటుగా వేసిన చెయ్యి అది.

"అదేం చేస్తున్నావు?"

"ఏం లేదు. రోలర్ల మధ్య సందు వదులైంది. వారం వారం కొంచెం బిగిస్తాను. లేకపోతే ముద్ద మెత్తగా రాదు."

"వారం వారం ఎందుకు వదులవుతుంది?"

"రాయి అన్నాక అరగదా?" అన్నాడు విసుగ్గా. "ఎంత అరిగిందో చూసుకుని అంత బిగిస్తాను. వెంట్రుక మందం కూడా తేడా రానివ్వను తెలుసా? సందు కొలవడానికి రేకులు కూడా నేనే..."

"అరిగింది ఎటు పోయింది?"



మర మీదున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. వెంట్రుక మందం లెక్క తప్పనివాడు, ప్రతి వారం అరుగుదల కొలిచినవాడు, కొలిచి మురిసినవాడు. అరిగిన రాయి గాలిలో కలిసిపోదు కదా. పుల్లటి రసంలో నాని, లేహ్యంలో కలిసి, చెంచాకెక్కి, ఎవరి నోటికి చేరిందో ఇప్పుడు వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. వాడు మిషను పక్కన కింద కూలబడ్డాడు.

"అయిదో నెల అక్కా," అన్నాడు. "అయిదో నెల."

అక్క వచ్చి పక్కన కూర్చుంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆ పంచుకోవడంలో ఊరట ఉంటుందని అన్నవాళ్ళు ఎప్పుడూ పంచుకుని ఉండరు.

కొంతసేపటికి వాడు కళ్ళు తుడుచుకున్నాడు. "డబ్బాలు పట్టుకెళ్ళిన వాళ్ళందరికీ ఇవాళే చెప్పేస్తాను. తాగొద్దని, వెళ్ళి నెత్తురు చూపించుకోమని. కానీ ఒక్క మాట. మిషను వల్ల వచ్చిందనే చెప్తాను. మందు మంచిదే, చేత్తో నూరినంతకాలం ఎవరికీ ఏమీ కాలేదు, నా మిషనే చెడగొట్టిందని చెప్తాను. తిడితే నన్ను తిడతారు. అమ్మ పేరు జోలికి రారు."

"అది..."

"అది నిజమే కదా?"

నిజమే అయితే ఎంత బావుండు అనిపించింది పెద్దమ్మాయికి. తల ఊపింది. ఊపగానే గుండెమీద బరువు దిగింది. దిగినందుకు తనమీద తనకే అసహ్యమేసింది.

*

ఇంటికి వచ్చేసరికి కోడలు వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది, ఒక చెయ్యి కడుపుమీద వేసుకుని. మొగుడు ఫోను పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. వదిన కూడా వెనకే వెళ్ళబోతే కోడలు ఆపింది.

"వదినా, డాక్టరమ్మ ఫోను చేసింది."

"ఏమంది?"

"ఎప్పటినుంచి తాగుతున్నావని అడిగింది. రెండునెలల నుంచా, మొదటినుంచా అని. దాన్నిబట్టి ఏం చెయ్యాలో చూస్తుందట. మొదటి నెలల్లోనే లోపలికి వెళ్ళుంటే... బిడ్డకి అన్నీ ఏర్పడేది అప్పుడే కదా." కడుపుమీది చెయ్యి తియ్యకుండానే వదిన వైపు తిరిగింది. "నేనేం చెప్పాలి?"

"మిషను వచ్చింది నీకు మూడో నెల దాటాక. అప్పటినుంచి అని చెప్పు."

"అంతకుముందు కూడా తాగాను కదా వదినా. నెల తప్పిందని తెలిసిన రోజునుంచీ అత్తయ్య జాడీలోది."

పెద్దమ్మాయి స్తంభాన్ని పట్టుకుంది.

"మిమ్మల్ని ఒకటి అడగనా?" అంది కోడలు. బడిలో పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి. పిల్లలు ఏదైనా దాస్తే కేకలేయకుండా రాబట్టడం ఆవిడకి అలవాటు. "పొద్దున్న ఆ చెంచా ఎందుకు కొట్టారు? అది జాడీలోదని మీకు తెలుసు. మీ కళ్ళముందే అత్తయ్య జాడీ మూత తీసింది. నేను మిమ్మల్నే చూస్తున్నాను."

"నాకు తెలీదు అమ్మాయ్."

"తెలుసు. నాకు చెప్పడం ఇష్టం లేదు."

"ఆ కల్వం కూడా ఆ కొండ రాయే," అంది పెద్దమ్మాయి చివరికి. "దాన్ని నేనెప్పుడూ పరీక్ష చెయ్యలేదు. ఊళ్ళో ఉన్న రాళ్ళన్నీ చూశాను, ఇంట్లో ఉన్నదాన్ని చూడలేదు."

"అయితే చూడండి."

"చూస్తే..."

"చూస్తే అత్తయ్య తట్టుకోలేదనేగా? నాకూ ఆవిడంటే ప్రాణమే వదినా. నన్నెవరూ అలా చూసుకోలేదు. కానీ ఈ కడుపులో ఉన్నదాని తరఫున అడగడానికి నేను తప్ప ఎవరున్నారు చెప్పండి?"

కోడలికి తెలియని సంగతి ఒకటుంది. ఆ ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడరు. పెద్దమ్మాయికీ తమ్ముడికీ మధ్య ఇంకో ఆడపిల్ల ఉండేది. పిచ్చుక అని పిలిచేవారు. మాటలు ఆలస్యంగా వచ్చాయి, అక్షరాలు రానేలేదు. కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకునేది. తర్వాత ఫిట్సు మొదలయ్యాయి. బడిలో వేసిన ఏడాదే పోయింది. పుట్టుకతోనే మెదడు ఎదగలేదన్నాడు అప్పటి డాక్టరు. మొన్న ఆసుపత్రినుంచి వచ్చాక పెద్దమ్మాయి సీసం గురించి కనపడిందల్లా చదివింది. పిల్లల్లో కనిపించే లక్షణాల దగ్గరికి వచ్చి పుస్తకం మూసేసింది.

*

గదిలో తల్లి నేలమీద గోనెపట్టా పరిచి కూర్చుని ఉంది. పట్టామీద కల్వం. శుభ్రంగా కడిగి ఆరబెట్టింది. లోపలి గుంట చేతులు తగిలి తగిలి నున్నగా, లోతుగా దిగిపోయి ఉంది. దాని పక్కన సుత్తి. పెద్దమ్మాయి సుత్తే. కొండలకి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళేది.

"వచ్చావా?" అంది తల్లి. "తలుపు వెయ్యకు. కోడలిపిల్లని కూడా విననీ."

"ఇదంతా ఏంటమ్మా?"

"నువ్వు చెంచా కొట్టినప్పుడే నాకు తెలిసిపోయింది. నీ చేతికి తెలిసింది నీ నోటికి రాలేదు, అంతే తేడా."

"ఇప్పుడొద్దమ్మా. నువ్వు ముందు ఏదైనా తిను. రేపు..."

"ఈ గుంట చూడు." తల్లి వేలితో కల్వం అడుగు తడిమింది. "మా అత్తగారు నా చేతిలో పెట్టినప్పుడు ఇందులో సగం లోతు లేదు. ఆవిడ కొంత అరగదీసింది, నేను ఇంత అరగదీశాను. ఇదంతా ఎటు పోయిందే?"

తమ్ముణ్ణి తను అడిగిన మాటే. ఆవిడ షెడ్డుకి రాలేదు, వినలేదు. కల్వం ముందు పెట్టుకుని ఒక్కతే కూర్చుని అక్కడికి చేరింది. పెద్దమ్మాయి వచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది.

"ఎంతోమందికి బాగైందమ్మా. అదీ నిజమే కదా."

"బాగైనవాళ్ళు వచ్చి చెప్తారు. బాగవనివాళ్ళు రారు కదే." తల్లి కల్వాన్ని తనవైపు జరుపుకుంది. "నీకూ పట్టాను చిన్నప్పుడు. గుర్తుందా?"

"గుర్తుంది."

"నువ్వు బుగ్గన పెట్టుకుని పెరట్లోకి పోయి ఉమ్మేసేదానివి. నాకు తెలీదనుకునేదానివి. నీ తమ్ముడు చెంచా చూస్తేనే ఇల్లెక్కి అరిచేవాడు, సగం ఒలకబోసేవాడు. మీ ఇద్దరికీ ఏమీ కాలేదు."

"అమ్మా."

"అది మాత్రం కిమ్మనకుండా తాగేది. బలహీనమైన పిల్ల కదా అని దానికి ఒక చెంచా ఎక్కువే పోసేదాన్ని. తాగి నా ముఖం చూసి, ఇంకొంచెం తాగనా అమ్మా అనేది. నేను సంతోషిస్తానని."

పెద్దమ్మాయి ఏడ్చింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. తల్లి ఏడవలేదు. గుమ్మంలో కోడలు నిలబడి ఉంది, వెనక తమ్ముడు. వాడి చేతిలోని ఫోనులో ఎవరో హలో హలో అంటూనే ఉన్నారు.

"తెలిసి ఏం చేస్తావమ్మా?" అంది పెద్దమ్మాయి. "అది తిరిగి రాదు కదా. మిషనుదే తప్పని చెప్దాం. తమ్ముడే ఆ మాటన్నాడు."

"నా కోసం కాదే తెలుసుకునేది. నాకు తెలియకపోతేనే హాయి, అంత తెలివి నాకూ ఉంది." తల్లి కోడలి వైపు చూసింది. "ఆ పిల్ల డాక్టరుకి ఏదో ఒకటి చెప్పాలి కదా. నా పరువు కాపాడటానికి అబద్ధం చెప్పి వస్తే, పుట్టేదాని సంగతేంటి? ఒకదానికి కళ్ళు మూసుకుని పోశాను. రెండోదానికి కళ్ళు తెరిచి పోయమంటావా?"

కోడలు గుమ్మం పట్టుకుని, "అత్తయ్యా," అంది.

"తీసుకో," అంది తల్లి, సుత్తి జరిపి. "ముక్క తియ్యి. ఎక్కడినుంచి తియ్యాలి?"

"ఒక చోట తీస్తే సరిపోదమ్మా. నాలుగు చోట్ల తియ్యాలి. కల్వం మిగలదు."

"మిగిల్చి ఏం చేసుకోను?"

పెద్దమ్మాయి సుత్తి అందుకుంది. ఎన్ని కొండలమీద ఎన్ని రాళ్ళు పగలగొట్టిందో, ఏ రాయీ ఇంత బరువుగా అనిపించలేదు. అబద్ధం ఒకటి సిద్ధంగానే ఉంది నోట్లో. ఏమీ లేదమ్మా, మంచి రాయే అనొచ్చు. తర్వాత కోడలికి చాటుగా నిజం చెప్పుకోవచ్చు. తల్లికి తెలియాల్సిన పని లేదు.

అంచుమీద ఒక్క దెబ్బ వేసింది. గుప్పెడంత ముక్క విరిగి గోనెపట్టామీద పడింది. విరిగిన మొహాన్ని వేలితో తడిచేసి, కిటికీ వెలుగులోకి తిప్పి, భూతద్దం కంటికి పెట్టుకుంది.

తల్లి రాయిని చూడటం లేదు. రాళ్ళ సంగతి ఆవిడకి తెలియదు. కూతురి ముఖం మాత్రం పుట్టిననాటినుంచీ తెలుసు. ఆ ముఖాన్నే చూస్తూ కూర్చుంది. పెద్దమ్మాయి భూతద్దం దించలేదు. దించితే మాట్లాడాలి కదా.

"ఏముంది వదినా?" అంది కోడలు.

తల్లి చెయ్యి చాచి, కూతురి వేళ్ళమధ్యనుంచి ఆ ముక్కని తీసుకుని, ఒళ్ళో పెట్టుకుంది. పడుకున్న పిల్లని జోకొట్టినట్టు దానిమీద అరచెయ్యి ఆనించింది.

"ఒక చోట తీస్తే సరిపోదన్నావుగా," అంది. "రెండోది కొట్టు."